గంజాయి, పీటా కేసుల దర్యాప్తు నేర్చుకోవడానికి ఏది మేలు: పుస్తకమా, తీర్పులా, కోర్టు హాలా?

"మత్తుమందుల కేసుల్లో, వ్యభిచార గృహాల మీద దాడుల్లో పోలీసులు దర్యాప్తు ఎలా చేస్తారో నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" వారానికి ఒకరైనా నన్ను ఇది అడుగుతున్నారు. లా చదివేవాళ్లు, కొత్తగా ఎస్సై ట్రైనింగ్‌కి వెళ్లేవాళ్లు, క్రైమ్ వార్తలు రాసే కుర్రాళ్లు, నవల రాసుకుంటున్న ఒకరిద్దరు. విడివిడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను, అందుకే ఒకచోట రాస్తున్నాను.

దారులు ముఖ్యంగా మూడు. చట్టం, దాని మీద వచ్చిన వ్యాఖ్యాన గ్రంథాలు చదవడం. తీర్పులు చదవడం. విచారణ జరిగే కోర్టుకు వెళ్లి కూర్చోవడం. ఎఫ్ఐఆర్, పంచనామా, రిమాండ్ అంటే ఏమిటో మీకు తెలుసనుకునే రాస్తున్నాను. పీటా అంటే వ్యభిచార గృహాల మీద కేసులు పెట్టే చట్టం.

ఈ కేసులు మిగతావాటికంటే ఎక్కడ వేరో ముందు చూడండి. దొంగతనం జరిగితే సొమ్ము పోయినవాడు స్టేషన్‌కి పరిగెత్తుకొస్తాడు. కొట్లాట జరిగితే దెబ్బ తిన్నవాడు వస్తాడు. గంజాయి అమ్మినవాడు రాడు, కొన్నవాడూ రాడు. పేకాట శిబిరంలో జేబు ఖాళీ అయినవాడు కూడా రాడు. ఫిర్యాదు ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి సమాచారం అందుకున్నది పోలీసే, దాడి చేసింది పోలీసే, సరుకు పట్టుకున్నది పోలీసే, చివరికి ముఖ్య సాక్షి కూడా చాలాసార్లు పోలీసే. సమాచారం నమోదు చేసిన అధికారే దర్యాప్తు కూడా చేశాడన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయడానికి లేదని 2020 ఆగస్టులో ముకేశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అలాంటప్పుడు కోర్టు దేన్ని పట్టుకుని నిజం తేల్చుకోవాలి? ఆ రోజు రాసిన కాగితాలను. ఏ గంటకు ఏ కాగితం పుట్టింది, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి వెళ్లింది, ముందుదానికీ తర్వాతిదానికీ పొసగుతోందా? ఈ కేసుల్లో దర్యాప్తు అంటే ముప్పాతిక వంతు ఇదే. కాబట్టి ఏ దారి మేలో తేల్చడానికి నా కొలత కూడా ఒక్కటే. ఆ దారి మీకు కాగితాల వరుసను చూపిస్తుందా, లేదా?

చట్టం చదవకుండా ఎవరూ ముందుకు పోలేరు, అది ఒప్పుకోవాల్సిందే. మత్తుమందుల కేసులకు వాడే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో సోదా, జప్తు, అరెస్టు పద్ధతులు ఐదో అధ్యాయంలో, 41 నుంచి 68 వరకు సెక్షన్లలో ఉన్నాయి. ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. ఇంట్లోనో గోడౌన్‌లోనో సరుకు ఉందని సమాచారం అందగానే రాసిపెట్టి, ఆ నకలు 72 గంటల్లోగా పై అధికారికి పంపాలని చెప్పే 42, ఒంటి మీద సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేట్ ఎదుటో సోదా కోరే హక్కు నీకుందని చెప్పాలనే 50, అరెస్టు, జప్తు వివరాలు 48 గంటల్లో పైవాళ్లకు నివేదించాలనే 57. ఈ మూడూ నోటికి రావాలి.

పరిమాణాల పట్టిక కూడా అంతే. గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. హెరాయిన్‌కి ఆ అంకెలు 5 గ్రాములు, 250 గ్రాములు. వాణిజ్య పరిమాణం అయితే కనీస శిక్ష పదేళ్లు, సెక్షన్ 37 వల్ల బెయిల్ దొరకడం చాలా కష్టం. తూకం దగ్గర అంత పోరాటం జరిగేది అందుకే. చట్టం లెక్కలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. అవి లేకుండా ఒట్టి ఆకులు, గింజలు మాత్రమే ఉంటే అది గంజాయి కాదు. బస్తా మొత్తం తూచి 21 కిలోలని రాసినప్పుడు అందులో ఏముందో పంచనామాలో వివరంగా రాశారా లేదా అన్నదాని మీద ఒక మనిషి పదేళ్ల జీవితం ఆధారపడి ఉండొచ్చు.

వ్యాఖ్యాన గ్రంథాలతో నా ఇబ్బంది రెండు రకాలు. ఒకటి, అవి త్వరగా పాతబడతాయి. శాంపిల్ తీయడాన్నే చూడండి. 1989 నాటి స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం సరుకు దొరికిన చోటే శాంపిల్ తీసేవాళ్లు. 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, శాంపిల్ మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలని చెప్పింది. 2022 డిసెంబర్‌లో కొత్త నియమాలే వచ్చాయి. గంజాయికి 24 గ్రాముల చొప్పున రెండు శాంపిళ్లు తీయాలని వాటిలో ఉంది. మళ్లీ 2025 జనవరిలో, మేజిస్ట్రేట్ ఎదుట శాంపిల్ తీయడానికి సంబంధించిన సెక్షన్ 52ఏ పాటించకపోవడం ఒక్కటే కేసును పడగొట్టదని, మిగతా సాక్ష్యం గట్టిగా ఉందో లేదో చూడాలని అదే కోర్టు వివరించింది. షెల్ఫ్‌లో ఉన్న పుస్తకం వీటిలో ఎక్కడ ఆగిపోయిందో చూసుకోకుండా చదివితే తప్పు నేర్చుకుంటారు. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. పుస్తకం సెక్షన్ల వరుసలో నడుస్తుంది. దాడి గడియారం వరుసలో జరుగుతుంది. 42 గురించి ఒకచోట, 50 గురించి ఎనభై పేజీల తర్వాత, 57 గురించి ఇంకోచోట చదివినవాళ్లకు ఇవన్నీ ఒకే సాయంత్రం, ఒకే ఎస్సై చేతిలో, నాలుగైదు గంటల్లో జరిగే పనులన్న ఊహ రాదు.

ఇక తీర్పులు. అందరూ సుప్రీంకోర్టుతో మొదలుపెడతారు. మంచిదే. 2023 నుంచి సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్సీఆర్ సైట్‌లో తీర్పులు ఉచితంగా దొరుకుతున్నాయి. సెక్షన్ 50 మీద 1999 నాటి బల్దేవ్ సింగ్, 2010 నాటి జడేజా, సెక్షన్ 42 మీద 2009 నాటి కర్నైల్ సింగ్, అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడుకోకూడదన్న 2020 నాటి తోఫాన్ సింగ్ తప్పకుండా చదవాలి. తోఫాన్ సింగ్ తర్వాత దర్యాప్తు తీరే మారింది. "నిందితుడు ఒప్పుకున్నాడు" అన్నదాని మీద ఆధారపడే వీలు పోయాక ఫోన్ కాల్స్, బ్యాంకు లావాదేవీలు, ప్రయాణ వివరాల మీద ఎక్కువ కష్టపడాల్సి వస్తోంది. అయితే పై కోర్టు తీర్పులో ఆ రోజు జరిగిన సంఘటన రెండు పేరాలకు కుదించుకుపోతుంది. సూత్రం తెలుస్తుంది కానీ దర్యాప్తు కనబడదు.

దర్యాప్తు కనబడేది జిల్లా కోర్టు తీర్పులో. నా మాట అడిగితే అన్నిటికంటే మేలైనది ఇదే, అందులోనూ కేసు కొట్టేసిన తీర్పులు. లీగల్ ఎయిడ్ తరఫున నాకు మొదటి ఎన్‌డీపీఎస్ కేసు వచ్చినప్పుడు రెండు వారాలు లావుపాటి పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఛార్జిషీట్ తెరిస్తే మాత్రం ఏం చూడాలో తెలియలేదు, అన్నీ సరిగ్గానే ఉన్నట్టు అనిపించింది. మా సీనియర్ గారు ఒక సెషన్స్ కోర్టు తీర్పు నా చేతిలో పెట్టి, "ఇది చదివి, ఆ రోజు ఏం జరిగిందో గంటగంటకీ రాసుకుని రా" అన్నారు. పందొమ్మిది పేజీలు. రాసుకుంటూ పోతే సాయంత్రం నాలుగింటికి ఒక కానిస్టేబుల్ రెండుచోట్ల ఉన్నాడు. మధ్యవర్తులను, అంటే పంచనామాకు సాక్షులను, పిలవడానికి తహశీల్దార్ ఆఫీసుకి వెళ్లిన మనిషే, అదే సమయానికి నిందితుడి పక్కన నిలబడి ఉన్నట్టు ఇంకో సాక్షి చెప్పాడు. జడ్జి గారు కూడా అక్కడే ఆగారు. ఆ రాత్రి నా కేసు కాగితాలు మళ్లీ తెరిచాను. ఈసారి చూపు సెక్షన్ల మీద కాదు, టైముల మీద పడింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు. సమయం, ఏం చేశారు, ఎవరెవరు ఉన్నారు, ఏ కాగితం ఆ మాట చెబుతోంది. సమాచారం ఎప్పుడు అందింది, జనరల్ డైరీలో ఎప్పుడు రాశారు, నకలు పై అధికారికి చేరినట్టు అక్కడి ముద్ర ఉందా? సెక్షన్ 50 నోటీసు నిందితుడికి తెలిసిన భాషలో ఉందా? ఇద్దరు నిందితులకు కలిపి ఒకే నోటీసు ఇచ్చారా? అలా ఇస్తే చెల్లదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు మంగళవారం దొరికి శుక్రవారం కోర్టుకు చేరితే నడుమ మూడు రోజులు ఎవరి తాళం కింద ఉంది, పట్టుకున్న సరుకు దాచే మాల్‌ఖానా రిజిస్టర్‌లో ఆ ఎంట్రీ ఉందా? పంచనామాలో రాసిన లక్క సీలు గుర్తు, ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్) రిపోర్టులో రాసిన సీలు గుర్తు ఒకటేనా? ఏజెన్సీ (మన్యం) ప్రాంతం నుంచి వచ్చిన కారును రోడ్డు మీద ఆపితే అధికారి అది బహిరంగ ప్రదేశమనుకుని సెక్షన్ 43 కింద పని కానిచ్చేశాడా? సొంత వాహనం ఆ సెక్షన్ కిందికి రాదని 2021లో తేలింది కాబట్టి అక్కడ 42 కాగితం అడుగుతారు. పది తీర్పులకు పది కాగితాలు ఇలా నింపితే ఏ ట్రైనింగ్ క్లాసులోనూ దొరకని పట్టు దొరుకుతుంది.

ఎస్సై అవ్వబోయేవాళ్లకు ఒక మాట. కొట్టేసిన తీర్పులు చదవమంటే నేను నిందితుల పక్షాన మాట్లాడుతున్నానని కొందరు అనుకుంటున్నారు. అలా కాదు. శిక్ష పడిన తీర్పులో కాగితాలన్నీ సరిపోయాయి కాబట్టి జడ్జి వాటి మీద ఎక్కువసేపు ఆగరు. కేసు ఎక్కడ తెగిందో చూసినవాళ్లే రేపు తెగకుండా కట్టగలరు. ఈ-కోర్ట్స్ సైట్‌లో చట్టం పేరుతో కేసులు వెతకొచ్చు, తీర్పు తేదీల వారీగా ఉత్తర్వులు తీసుకోవచ్చు. ఆ తీర్పుల్లో నిర్దోషులుగా బయటపడినవాళ్ల పేర్లు ఉంటాయి. మీ నోట్సులోకి అవి ఎక్కించకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. వాళ్లు ఇప్పటికే చాలా పోగొట్టుకున్నారు.

కోర్టులో కూర్చోవడం గురించి. తీర్పు ఇవ్వలేనిది ఒకటి అక్కడ దొరుకుతుంది. మనుషులు. ఒకరోజు బోనులో దాడికి వెళ్లిన ఇన్‌స్పెక్టర్ ఉన్నారు. డిఫెన్స్ లాయర్ గొంతు పెంచలేదు.

"పంచనామా ఎన్నింటికి ముగించారు?"

"సాయంత్రం ఐదున్నరకి."

"ఎఫ్ఐఆర్ ఎన్నింటికి కట్టారు?"

"రాత్రి ఏడుంపావుకి."

"అంతవరకు క్రైమ్ నంబరు పుట్టదు కదండీ?"

"పుట్టదండీ."

పంచనామా ఆయన చేతికిచ్చారు. మొదటి పేజీ తలమీద అదే ఇంకు, అదే చేతిరాతతో క్రైమ్ నంబరు ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం వైపు చాలాసేపు చూసి, స్టేషన్‌కి వచ్చాక వేసి ఉంటామన్నారు. అది నిజమే కావచ్చు, ఆ వివరణను కోర్టు నమ్మనూ వచ్చు. కానీ తర్వాత వచ్చిన మధ్యవర్తి, ఒక వీఆర్వో, తాను సంతకం చేసింది స్టేషన్‌లోనే అనేశాడు. ఆ రెండు జవాబులూ ఒకదాని పక్కన ఒకటి పడేసరికి హాల్లో గాలి మారిపోయింది. తీర్పులో ఇదంతా మూడు వాక్యాలు.

అంత బాగున్నా దాన్ని రెండో స్థానంలోనే పెడతాను. వాయిదాలే కారణం. సాక్షి రాడు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు వేరే కోర్టులో ఉంటారు, రిపోర్టు అందలేదంటారు. ఒక్క మంచి క్రాస్ ఎగ్జామినేషన్ కోసం నేను వరసగా ఐదు రోజులు వెళ్లిన సందర్భాలున్నాయి. కేసు మొదటి నుంచి చివరిదాకా చూడాలంటే ఏళ్లు పడుతుంది. తీర్పులు చదివి, ఆ నాలుగు గడులు అలవాటయ్యాక వెళితే సాక్షి చెప్పే ప్రతి టైమూ మీ కాగితంలో తన చోటు తనే వెతుక్కుంటుంది. ముందే వెళితే ఊరికే కూర్చుని వస్తారు.

పీటా కేసులకూ ఇదే వరుస, కాకపోతే కాగితాలు తక్కువ, మనుషుల పట్ల జాగ్రత్త ఎక్కువ. 1956 చట్టం సెక్షన్ 15 ప్రకారం వారెంట్ లేకుండా సోదాకు వెళితే ఆ ప్రాంతం వాళ్లు ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. దాడికి వెళ్లే బృందంలో ఇద్దరు మహిళా పోలీసులైనా ఉండాలి. మారువేషంలో కస్టమర్‌ని పంపితే అతనికిచ్చిన నోట్ల నంబర్లు ముందే రాశారా అన్నది చూడండి. సెక్స్ వర్కర్లను గౌరవంగా చూడాలని, దాడుల సమయంలో వాళ్ల గుర్తింపు మీడియాలో బయటపడకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ల ఫోటోలు ఇంకా వస్తూనే ఉన్నాయి. క్రైమ్ రిపోర్టర్లు ముందు ఈ తీర్పు చదివి, తర్వాత మిగతావి చదవాలి.

ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సుల గురించి కూడా అడుగుతున్నారు. నేను చూసిన రెండింటిలో చట్టంలో ఉన్నదే స్లైడ్ల మీద ఉంది. పోలీసుల ప్రెస్‌మీట్ వీడియోలు చూస్తే టేబుల్ మీద పేర్చిన ప్యాకెట్లు కనబడతాయి, అంతే. సినిమాలు, సిరీస్‌లు వదిలేయండి.

నా కాగితంలో నాలుగు గడులే ఉండేవి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం సోదా, జప్తు మొత్తం ఆడియో, వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. ఆ తర్వాత పెట్టిన కేసుల తీర్పులు చదివేటప్పుడు ఐదో గడి గీస్తున్నాను. వీడియో ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, నడుమ ఎన్ని నిమిషాలు లేవు.