సింగిల్ మాల్టా, బ్లెండెడా? మన సిట్టింగ్‌కి ఏది మేలు

దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరైనా బయల్దేరితే చాలు, డ్యూటీ ఫ్రీ షాపు ముందు నిలబడి నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, ఈసారి సింగిల్ మాల్ట్ విస్కీ తీసుకోనా, ఎప్పట్లాగే బ్లాక్ లేబుల్ తెచ్చేయనా?" మనిషికి రెండు లీటర్లే అనుమతి కాబట్టి ఆ టెన్షన్ నిజమైందే. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మొన్న నేను వచ్చేటప్పుడు లీటరు అదీ, లీటరు ఇదీ తెచ్చాను. ఒకటి బ్లెండెడ్, జానీ వాకర్ బ్లాక్ లేబుల్. ఇంకోటి సింగిల్ మాల్ట్, గ్లెన్‌ఫిడిక్. రెండూ 12 ఏళ్లవే, రెండూ 40 శాతమే. మూడు ఆదివారాలు మా బావతో కూర్చుని పక్కపక్కన పోసి చూశాం.

మనవాళ్ల మనసులో ఒక లెక్క ఉంది. సింగిల్ మాల్ట్ అంటే మేలిమి బంగారం, బ్లెండెడ్ అంటే అందులో రాగి కలిపింది. పోనీ, ఆ లెక్కే తీసుకుందాం. మేలిమి బంగారంతో నగ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పైగా మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీతో కాచింది, సింగిల్ అంటే ఒకే పీపా కాదు, ఒకే డిస్టిలరీ. ఆ డిస్టిలరీలో వేర్వేరు పీపాల్లో మాగిన సరుకంతా కలిపి, రుచి సరిచూసుకుని సీసాలకెక్కిస్తారు. కలపడం రెండిట్లోనూ ఉంది. బ్లెండెడ్‌లో అదనంగా పదుల కొద్దీ డిస్టిలరీల మాల్టులు, వాటితో పాటు గ్రెయిన్ విస్కీ చేరతాయి.

ఆ గ్రెయిన్ అనే మాట దగ్గరే చాలామంది మొహం చిట్లిస్తారు. గోధుమో మొక్కజొన్నో తీసుకుని, మొలకెత్తించిన బార్లీ కొంత చేర్చి, కాలమ్ స్టిల్ అనే నిలువు బట్టీలో ఆపకుండా కాచి తీసే సరుకది. ఆ యంత్రానికి 1830లో పేటెంట్ పొందినాయన పేరు ఈనియస్ కాఫీ. పేరు కాఫీ, అంతకుముందు ఉద్యోగం ఐర్లండ్‌లో ఎక్సైజ్ అధికారి. సారా బట్టీలు పట్టుకునే మనిషే ఆ ఉద్యోగం మానేశాక అంతకంటే పెద్ద బట్టీ కనిపెట్టాడన్నమాట. రాగి పాత్రల్లో విడతలు విడతలుగా కాచే మాల్టుతో పోలిస్తే దీన్లోంచి వచ్చే స్పిరిట్ తేలిక, వాసన తక్కువ. 1860లో వచ్చిన చట్టం మాల్టునూ గ్రెయిన్‌నూ పన్ను కట్టకముందే గోదాములో కలుపుకోవచ్చని ఒప్పుకుంది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్ లాంటివాళ్లు అప్పటికే ఆ దారిలో ఉన్నారు. కిల్మార్నాక్‌లో వాకర్లు, ఆబర్డీన్‌లో షివాస్ సోదరులు కిరాణా కొట్లవాళ్లు. టీపొడీ దినుసులూ అమ్మిన చేతులే విస్కీ కలపడంలోనూ పేరు తెచ్చుకున్నాయి.

తర్వాత ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వచ్చిపడి ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని నాశనం చేసింది. బ్రాందీ కరువైంది. ఇంగ్లండ్‌లో బ్రాందీ సోడా తాగే అలవాటున్న పెద్దమనుషులు విస్కీ సోడాకి మళ్లారు. ఘాటు తక్కువగా ఉండే బ్లెండెడ్ స్కాచ్ వాళ్ల గ్లాసుల్లో సులువుగా కుదురుకుంది. సోడాతో కలిసి పెరిగిన మందు అది. సింగిల్ మాల్ట్‌ను గ్లెన్‌ఫిడిక్‌వాళ్లు ఆ పేరుతో స్కాట్లండ్ బయట గట్టిగా అమ్మడం మొదలుపెట్టింది 1963లో. అప్పటికి బ్లెండెడ్ వందేళ్ల పాతది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏది మేలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. నీళ్లు పోశాక గ్లాసులో ఏం మిగులుతుంది? మనం తాగే పద్ధతి అది కదా. రా కొట్టేవాళ్లు ఊరికి ఒకరిద్దరు ఉంటారు. మిగతా అందరం లార్జ్‌కి రెండింతలు నీళ్లో సోడానో పోసి, ఐసు వేసి, పక్కన మిరపకాయ దట్టించిన స్టఫ్ పెట్టుకునేవాళ్లమే.

మా దగ్గర ప్రత్యేకమైన గ్లాసులేం లేవు, చిన్న టీ గ్లాసులే తీశాం. కొలతకు పిల్లల దగ్గుమందు మూత, దాని మీద 5 ఎం.ఎల్. గీత ఉంటుంది. ఒక్కో గ్లాసులో ఆరు మూతల విస్కీ. మొదట నీళ్లు లేకుండా వాసన చూశాం. నిజం చెప్పాలి, గ్లెన్‌ఫిడిక్ ముందు బ్లాక్ లేబుల్ మొరటుగా అనిపించింది. గ్లెన్‌ఫిడిక్‌లో బేరిపండు, పచ్చి ఆపిల్, వెనకాల తేనె. బ్లాక్ లేబుల్‌లో ముందు పొగ, ఆ తర్వాతెప్పటికో వనిల్లా, కిస్‌మిస్.

రెండో మూత నీళ్లకి మాల్ట్ ఇంకా బాగుంది, పండు వాసన పైకి లేచింది. సమానంగా నీళ్లు పడేసరికి రెండూ 20 శాతానికి దిగాయి. స్కాట్లండ్‌లో బ్లెండర్లు, అంటే విస్కీలు కలిపే నిపుణులు, నమూనాలు వాసన చూసేది కూడా దాదాపు ఆ పలచదనంలోనే. అక్కడికి రెండూ సమఉజ్జీలు. ఆ తర్వాత మళ్లీ కొత్తగా పోసి, మన పద్ధతిలో రెండింతలు సోడా, ఐసు. 13 శాతం. మటన్ వేపుడు ప్లేటు వచ్చింది. రెండు ముక్కలు నమిలి మళ్లీ గుక్క వేస్తే గ్లెన్‌ఫిడిక్‌లో పండు లేదు, ఏదో లీలగా తీపి. బ్లాక్ లేబుల్‌లో మాత్రం, కట్టెల పొయ్యి ఆర్పడానికి నిప్పుల మీద నీళ్లు చల్లితే ఒక వాసన వస్తుంది చూడండి, అది అలాగే ఉంది. "బావా, దీంట్లో ఇంకా మందుంది, దాంట్లో సోడా ఉంది" అని తేల్చేశాడు మావాడు.

దీనికో కారణం ఉంది. బార్లీని పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టి కాల్చే మట్టి) మంట మీద ఆరబెట్టినప్పుడు అంటుకునే పొగ వాసనలో గ్వాయకాల్ అనే పదార్థం ఒకటి. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్‌లో లెక్కలు కట్టి చూస్తే, ఆల్కహాల్ 45 శాతం, అంతకు తక్కువ ఉన్నప్పుడు అది పైపైన తేలుతుందనీ, 59 శాతం దాటితే ఆల్కహాల్ మధ్యలో లోపల ఉండిపోతుందనీ తేలింది. పలచన చేసినా పొగ ముక్కుకి అందడానికి ఇదొక కారణం కావచ్చు. సున్నితమైన పండ్ల వాసనలకి ఐసు మరో శత్రువు, చల్లబడేకొద్దీ అవి పైకి లేవవు.

పొగే కావాలంటే స్కాట్లండ్‌లోని ఐలా దీవి సింగిల్ మాల్టులున్నాయిగా అంటారు. ఉన్నాయి. లఫ్రోయగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ సోడాలో మునిగినా చావవు. కానీ లఫ్రోయగ్ మొదటిసారి తాగినవాడు ఇది టింక్చరా అని అడగకపోతే నన్నడగండి. నలుగురు కూర్చునే చోట నలుగురికీ పట్టేది కాదు. బ్లెండర్ చేసేదేమిటంటే, అలాంటి ఘాటు మాల్టును ఇంగువలా చిటికెడు వేసి, గ్రెయిన్‌తో మెత్తబరిచి, పండ్ల వాసనున్న మాల్టులతో నింపడం. ఇంగువ ఉందని తెలియాలి, పులుసంతా ఇంగువ కాకూడదు.

ఏళ్ల సంగతికొస్తే, లేబుల్ మీది 12 అంటే లోపలున్న వాటిలో అన్నిటికంటే చిన్నదాని వయసు. అంతకంటే ముదుర్లు కూడా ఉండొచ్చు. కానీ వయసు కంటే పీపా ముఖ్యం. అమెరికా చట్టం ప్రకారం బర్బన్ అనే అక్కడి విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే మాగబెట్టాలి. బర్బన్‌కి మళ్లీ పనికిరాని ఆ 200 లీటర్ల పీపాలు స్కాట్లండ్ వస్తాయి, వనిల్లా, కొబ్బరి రుచులు ఇస్తాయి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపా 500 లీటర్లది, ఖర్జూరం, కిస్‌మిస్, లవంగం తరహా. 1980ల నుంచి షెర్రీని స్పెయిన్‌లోనే సీసాలకెత్తాల్సి రావడంతో పాత రవాణా పీపాలు దొరకడం ఆగిపోయింది. ఇప్పుడు విస్కీ కోసమే కొత్త పీపాలు చేయించి, కొన్నాళ్లు షెర్రీ నింపి ఉంచి పంపిస్తారు. అందుకే షెర్రీ పీపా విస్కీ ఖరీదు. ఏ పీపా అయినా మొదటిసారి ఇచ్చినంత రుచి మూడోసారి ఇవ్వదు, ఒకసారి మరిగించిన టీపొడిని మళ్లీ మరిగించినట్టే. అలసిపోయిన పీపాలో 18 ఏళ్లున్నది, చురుకైన పీపాలోని 12 ఏళ్లదాని ముందు వెలవెలబోవచ్చు. సింగిల్ మాల్ట్ చేసేవాడు తన గోదాములో ఉన్న వాటితోనే సర్దుకోవాలి. బ్లెండర్‌కి ఒక పీపా తక్కువ చేసింది ఇంకో డిస్టిలరీ పీపాతో పూడ్చుకునే వీలుంది. నేను బ్లెండెడ్ వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణమే.

మాల్ట్ ఎక్కడ గెలుస్తుందో కూడా చెప్పాలి. భోజనమయ్యాక, నోట్లో కారం చల్లారాక, ఒక్క 30 పోసుకుని రెండు చెంచాల నీళ్లతో అరగంట కూర్చునేవాడికి సింగిల్ మాల్టే. అప్పుడు సోడా ముట్టుకోవద్దు. ఇంకొకరికి ఇవ్వడానికైనా అదే. చేతిలో పెట్టగానే మొహం వెలిగే సీసా అది, మామగారి విషయంలో నేను ప్రయోగాలు చేయను.

గ్రెయిన్ కలపకుండా మాల్టులే కలిపిన బ్లెండెడ్ మాల్ట్ ఉంది, మంకీ షోల్డర్ లాంటివి. మధ్యేమార్గం, పర్వాలేదు. సింగిల్ గ్రెయిన్ అని ఇంకోటి ఉంది, ఒకే డిస్టిలరీ గ్రెయిన్ విస్కీ. కుతూహలం ఉంటే ఒకసారి తాగి చూడొచ్చు.

ఫోన్లో వచ్చే చిల్లర అనుమానాలకి కూడా జవాబులు రాసేస్తున్నా. సీసాలో విస్కీ ముదరదు. బీరువాలో పదేళ్లు దాచిన 12 ఏళ్ల స్కాచ్ 12 ఏళ్లదే. మాగడమంతా పీపాలోనే, అక్కడే ఏటా 2 శాతం దాకా గాలిలో కలిసిపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. ముదురు రంగు చూసి మురిసిపోవద్దు, రంగు కోసం కారమెల్ కలపడానికి స్కాచ్ నిబంధనలే ఒప్పుకుంటాయి. 46 శాతంతో వచ్చే సీసాల్లో చాలావాటిని చల్లార్చి వడకట్టరు, అవి ఐసు పడగానే కాస్త మసకబారితే డూప్లికేట్ అని గొడవ చేయకండి. ఇండియాలో సీసాకెత్తిన టీచర్స్, వ్యాట్ 69 లాంటివి కూడా స్కాట్లండ్‌లో కనీసం మూడేళ్లు మాగిన స్కాచే. ఇక్కడికి పెద్ద కంటైనర్లలో వస్తాయి. 2012 నుంచి సింగిల్ మాల్ట్‌కి ఆ వెసులుబాటు లేదు, అక్కడే సీసాకెక్కి రావాలి. మన దగ్గర ధరలో తేడా అంతగా ఉండటానికి ఇది కూడా కలిసొస్తుంది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందంలో దిగుమతి సుంకం 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్లలో 40కి దిగాలని ఉంది. రాష్ట్రాల పన్నులు వేరే కథ.

మూడో ఆదివారం ఇంకో ఇద్దరు చేరారు. బ్లాక్ లేబుల్ ఆ రాత్రికే అడుగంటింది. గ్లెన్‌ఫిడిక్‌లో సగానికి పైగా మిగిలింది, దాన్ని బట్టల బీరువాలో పెట్టాను. రాత్రి భోజనాలయ్యాక వారానికోసారి తీస్తున్నా. బావ అడిగితే అదీ అయిపోయిందనే చెప్పాను.