గ్లైకోజెనా, కొవ్వా? ఒంట్లో శక్తి నిల్వకు ఏది మేలు?

ఎక్కువ కాలానికి దాచుకోవాలంటే కొవ్వే మేలు. ఉన్నపళంగా వాడుకోవాలంటే గ్లైకోజెన్‌కు, అంటే గ్లూకోజ్ అణువులు గొలుసులుగా చేరిన నిల్వకు, సాటి లేదు. చాలామంది కేలరీల లెక్క చూసి కొవ్వుకే ఓటేస్తారు కానీ, నా దృష్టిలో ఈ పోలికను తేల్చేది ఆక్సిజన్.

ముందు బరువు సంగతి. గ్రాము కొవ్వులో సుమారు 9 కిలోకేలరీలుంటే గ్లైకోజెన్‌లో 4. పైగా గ్లైకోజెన్ గ్రాముకు రెండు మూడు గ్రాముల నీటిని కూడా పట్టుకుని ఉంటుంది. కొవ్వుకు ఆ బరువు లేదు. 10 కిలోల కొవ్వులోని శక్తిని గ్లైకోజెన్‌గా మోయాలంటే నీటితో కలిపి 60 కిలోల పైమాటే! అందుకే మన ఒంట్లో గ్లైకోజెన్ అరకిలోకు అటూఇటూగానే ఉంటుంది: కాలేయంలో దాదాపు 100 గ్రాములు, మిగతాది కండరాల్లో.

వాడకానికి వస్తే కథ మారుతుంది. కొవ్వు ఆమ్లాలు నిల్వ నుంచి విడుదలై, రక్తంలో ప్రయాణించి, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోకి చేరి, అక్కడ రెండేసి కార్బన్ల చొప్పున తెగాలి. ఆక్సిజన్ అందకపోతే ఈ పని సాగదు. గ్లైకోజెన్ అయితే కండరంలోనే సిద్ధంగా ఉంటుంది. దాని అణువుకు కొమ్మలెక్కువ, కాబట్టి ఫాస్ఫోరిలేజ్ ఎంజైమ్ ఒకేసారి ఎన్నో కొసల నుంచి గ్లూకోజ్‌ను విడగొట్టగలదు. విడగొట్టేటప్పుడే ఫాస్ఫేట్ తగిలిస్తుంది, దానికి ఏటీపీ (కణాలు నేరుగా ఖర్చుపెట్టుకునే శక్తి అణువు) ఖర్చు ఉండదు. అందువల్ల ఆక్సిజన్ లేకపోయినా ఒక్కో గ్లూకోజ్‌కు నికరంగా 3 ఏటీపీలు మిగులుతాయి. రక్తం నుంచి వచ్చిన గ్లూకోజ్‌తో మిగిలేవి రెండే. ఈ చిన్న ఏర్పాటు నాకెప్పుడూ అబ్బురమే.

ఆక్సిజన్ ఉన్నప్పుడూ గ్లూకోజ్‌దే కొంచెం పైచేయి. పామిటిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం అణువు ఒకటి పూర్తిగా మండితే సుమారు 106 ఏటీపీలు వస్తాయి, కానీ అందుకు 23 ఆక్సిజన్ అణువులు కావాలి. గ్లూకోజ్ ఆరింటితోనే 30 నుంచి 32 ఇస్తుంది. అంటే ఒక్కో ఆక్సిజన్ అణువుకు గ్లూకోజ్‌తోనే కాస్త ఎక్కువ ఏటీపీ దక్కుతుంది.

గ్లైకోజెన్‌లోనూ రెండు రకాల కొలువులున్నాయి. కాలేయంలోది రక్తంలోకి గ్లూకోజ్‌ను వదులుతుంది. అందుకు కావలసిన ఎంజైమ్ కండరాల్లో లేదు కాబట్టి అక్కడిది అక్కడే ఖర్చవుతుంది. మైటోకాండ్రియా లేని ఎర్ర రక్తకణాలు గ్లూకోజ్ మీదే బతుకుతాయి. మెదడుకూ మామూలు రోజుల్లో అదే ఆధారం. కాలేయంలోని నిల్వ ఒక రోజు ఉపవాసానికే దాదాపు అడుగంటుతుంది. రోజులు గడిచేకొద్దీ కొవ్వు నుంచి తయారైన కీటోన్ బాడీలు మెదడును చాలావరకు ఆదుకుంటాయి.

కండరాల్లో ఫాస్ఫోరిలేజ్ పనిచేయని మెకార్డిల్ వ్యాధిని చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 1951లో దీన్ని తొలిసారి వర్ణించారు. ఈ వ్యాధి ఉన్నవారి కండరాల్లో గ్లైకోజెన్ నిండుగా ఉన్నా వాడుకునే దారి లేదు. ఒక్కసారిగా పరుగెత్తితే కండరాలు పట్టేసి నొప్పెడతాయి. నెమ్మదిగా నడిస్తే మాత్రం కొన్ని నిమిషాల తర్వాత రక్తంలోని గ్లూకోజ్, కొవ్వు ఆమ్లాలు కండరాలకు తగినంతగా అంది, నడక తేలికపడుతుంది.