నాన్న స్టెంటు, నా ఐడీ కార్డు: పెద్ద కంపెనీలో పదేళ్లు పనిచేశాక నా రివ్యూ

పెద్ద ఐటీ కంపెనీలో ఉద్యోగం ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. క్యాబ్, ఫుడ్ కోర్టు, పీఎఫ్, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద గడిపే నెలలు, ఎంత చాకిరీ చేసినా అప్రైజల్‌లో వచ్చే ఆ 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్'... ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అవన్నీ వదిలేస్తున్నాను. నేను రాసేది ఒక్కదాని గురించే: అమ్మానాన్నలకు కూడా వర్తించే గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్. ఇన్నేళ్లు ఇక్కడ ఉండిపోయానంటే అదే కారణం. కదల్లేకపోతున్నానని ఒళ్లు మండేదీ దానివల్లే.

ఏటా ఎన్‌రోల్‌మెంట్ విండో తెరిచారని ఒక మెయిల్ వస్తుంది. పేర్లు, పుట్టిన తేదీలు కొట్టి సబ్మిట్ నొక్కాలి. మా కంపెనీలో అమ్మానాన్నలైనా, అత్తమామలైనా ఒక్క జంటనే చేర్చుకోనిస్తారు. పెళ్లయిన ఏడాది ఆ పేజీ ముందు మా ఆయనా నేనూ కూర్చున్న సాయంత్రం గురించి వివరాలు అనవసరం. మా అత్తయ్యకు రైల్వే పెన్షనర్ల వైద్య సదుపాయం ఉంది కాబట్టి గొడవ లేకుండా తేలింది.

2025 సంక్రాంతి అయిన వారంలో ఖమ్మంలో నాన్నకు గుండెల్లో మంట మొదలైంది. పండగ పిండివంటల గ్యాసే అనుకుని ఈనో తాగి పడుకున్నారు. తెల్లారాక ఈసీజీ చూసిన డాక్టరు మందులిచ్చి, ఆలస్యం చెయ్యకుండా హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. బాబాయి కారులో సూర్యాపేట మీదుగా వాళ్లు వచ్చేసరికి నేను ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర ఐడీ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాను.

అక్కడి అబ్బాయి ఫారం నింపుతూ అడిగాడు, "షుగర్ ఎప్పట్నుంచి?"

"పద్నాలుగేళ్లయిందయ్యా. బీపీ అంతకు ముందు నుంచే," అంది అమ్మ.

బాబాయి అమ్మ చెవిలో, "వదినా, అంత వివరంగా చెప్పకు, క్లెయిమ్ కొట్టేస్తారు," అన్నాడు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. బయట సొంతంగా తీసుకున్న పాలసీలో, పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే అది గడిచేదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది, అంతే. పాలసీ తీసుకునేటప్పుడు షుగర్ సంగతి దాచారని తేలితే క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదమూ ఉంది.

ఆ అబ్బాయి నా ఐడీ కార్డు వైపు చూసి, "కార్పొరేట్ పాలసీయేగా మేడమ్? అయితే ఫర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి," అన్నాడు.

మెడలో వేసుకు తిరిగే ఆ ప్లాస్టిక్ ముక్కకు అంత విలువ ఉందని నాకు అప్పుడే తెలిసింది. గ్రూప్ పాలసీల్లో సాధారణంగా పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. మెడికల్ చెకప్ ఉండదు, 'మీ నాన్నగారికి 66 ఏళ్లు కదా' అని ఎవరూ నసగరు. అడ్వాన్స్ కట్టమనలేదు. నాన్నను స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్‌లోకి తీసుకెళ్లేలోపే క్యాష్‌లెస్‌కు, అంటే బిల్లు బీమా కంపెనీయే ఆసుపత్రికి కట్టడానికి, మొదటి అప్రూవల్ వచ్చేసింది. రెండు స్టెంట్లు వేశారు. ఆ రాత్రి కంపెనీ ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్ నుంచి ఒకమ్మాయి తనంతట తానే ఫోన్ చేసి, ఏ కాగితాలు దాచుకోవాలో ఒక్కొక్కటీ చెప్పింది. రూపాయి కట్టకుండా నాన్న బతికి బయటపడ్డారని చుట్టాలందరికీ చెప్పుకున్నాను.

రూపాయి కట్టకుండా అన్నది డిశ్చార్జి దాకానే.

పొద్దున రౌండ్స్‌కొచ్చిన డాక్టరు ఇంటికి వెళ్లొచ్చన్నారు. బయటపడేసరికి రాత్రి భోజనాల వేళయింది. డిశ్చార్జి అప్రూవల్ 3 గంటల్లో ఇవ్వాలని 2024లోనే రూలు పెట్టారు. కానీ ఆ గడియారం తిరగడం మొదలయ్యేది ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపాకే. ఆ బిల్లు ఫార్మసీ క్లియరెన్స్ అనీ, వార్డు క్లియరెన్స్ అనీ మధ్యాహ్నం దాకా కదల్లేదు.

తర్వాత లెక్క చేతికొచ్చింది. పాలసీ 5 లక్షలది. రూము అద్దె పరిమితి అందులో రోజుకు 1 శాతం, అంటే 5,000. ఐసీయూ నుంచి మార్చేటప్పుడు షేరింగ్ రూములేవీ ఖాళీ లేవని 8,000 సింగిల్ రూము ఇచ్చారు. రోజుకు మూడు వేల తేడాయే కదా, కట్టేద్దాం అనుకుంటాం. అలా ఉండదు. దాన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. ఎనిమిదింట ఐదు వంతుల రూముకే అర్హత ఉంది కాబట్టి డాక్టరు ఫీజు, ప్రొసీజర్ చార్జీలు, నర్సింగ్ అన్నీ అదే నిష్పత్తిలో కోస్తారు. డాక్టరుకు 100 అయితే పాలసీ ఒప్పుకునేది 62 రూపాయల 50 పైసలు. మందులు, స్టెంట్లు, టెస్టులు, ఐసీయూ చార్జీలకు ఈ కోత పెట్టకూడదని 2020 నాటి మార్గదర్శకాల్లో ఉంది కాబట్టి బతికిపోయాం. పాలసీ ఒప్పుకున్న మొత్తం మీద పేరెంట్స్ కో-పే, అంటే మనం కట్టాల్సిన వాటా, 20 శాతం. గ్లౌజులు, మాస్కుల్లాంటివి మన నెత్తినే. బాబాయి తన కార్డు గీకితే తప్ప ఆ రాత్రి బయటపడలేదు.

షేరింగ్ రూము ఖాళీ లేదని ఆసుపత్రి చేత కాగితం రాయించుకుని, కోత గురించి మళ్లీ చూడమని కంపెనీ పోర్టల్‌లో టికెట్, అంటే ఫిర్యాదు, వేశాను. మొదట ఒక బాట్ పాలసీ పీడీఎఫ్ పంపింది. తర్వాత "మీ టికెట్ పరిష్కారమైంది" అని మెయిల్, దాని కింద అనుభవం ఎలా ఉందో చెప్పమని ఐదు నక్షత్రాలు. రీఓపెన్ చేస్తే వేరే ఊళ్లోని వేరే ఆయన అవే కాగితాలు మళ్లీ అప్‌లోడ్ చెయ్యమన్నాడు. చేశాను. పరిష్కారమైంది, ఐదు నక్షత్రాలు. మా మేనేజర్ నిజంగానే మంచివాడు, నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ లీవు పెట్టమని కూడా అడగలేదు. ఆయన పైవాళ్లకు రాశాడు, వాళ్లు హెచ్‌ఆర్‌కు రాశారు, హెచ్‌ఆర్ ఇన్సూరెన్స్ వెండర్‌కు ఫార్వర్డ్ చేసింది, ఆ వెండర్ మళ్లీ నన్నే టికెట్ వెయ్యమన్నాడు. పెద్ద కంపెనీలో నాకు తారసపడ్డవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు, అంతే. చివరికి ఆ డబ్బు రాలేదు. క్యాంటీన్‌లో పెరుగన్నం పుల్లగా ఉందని వేసిన టికెట్ మాత్రం ఆ నెల్లోనే నిజంగా పరిష్కారమైంది. ఇప్పుడు పెరుగు బాగుంటుంది.

అయినా లక్షల్లో అయిన బిల్లులో ఎక్కువ భాగం పాలసీయే కట్టింది. అది కాదనను. నా అసలు బాధ వేరే. ఈ పాలసీ నాది కాదు, కంపెనీది. లాస్ట్ వర్కింగ్ డే నాడు ఐడీ కార్డుతో పాటే పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంది, గ్రూపులో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో కలుపుతారు కూడా. కానీ రెండు స్టెంట్లున్న మనిషికి ఇస్తారో లేదో, ఇచ్చినా ఎంతకిస్తారో వాళ్ల ఇష్టం. కనుక్కుంటే వాళ్లు చెప్పిన ఏడాది ప్రీమియం నా నెల జీతంలో సగానికి పైనే. పోయినేడాది రెన్యువల్‌లో కంపెనీ బీమా సంస్థనే మార్చేసింది. నాన్న చూపించుకునే ఆసుపత్రి, క్యాష్‌లెస్ ఇచ్చే కొత్త నెట్‌వర్క్‌లో లేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. చెప్పింది కూడా ఎన్‌రోల్‌మెంట్ మెయిల్లో చివరి లైన్లో.

ఈమధ్య గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీ వాళ్లు మంచి హైక్‌తో పిలిచారు. పని నచ్చింది, టీమ్ నచ్చింది. ఆఫర్ లెటర్ చూసి మా ఆయన "ఇంకా ఆలోచనేంటి?" అన్నాడు. 90 రోజుల నోటీస్ పీరియడ్ అయినా ఎలాగో నెట్టుకొచ్చేదాన్నే. వద్దని చెప్పడానికి కారణం నాన్నకు ఆర్నెల్లకోసారి ఉండే చెకప్.

కాబట్టి ఎవరైనా రేటింగ్ అడిగితే ఇంట్లో పెద్దవాళ్ల సంగతి తెలుసుకోకుండా చెప్పలేను. పాతికేళ్లుండి, అమ్మానాన్నలు ప్రభుత్వోద్యోగులైతే ఈ ఫీచర్ కోసం ఇక్కడ పదేళ్లు కూర్చోవాల్సిన పని లేదు. ఇంట్లో షుగరూ బీపీ ఉండి పెన్షన్ లేనివాళ్లయితే చేరండి. కానీ పాలసీ పీడీఎఫ్‌లో రూము అద్దె, కో-పే లైన్లు ముందే చదువుకోండి. కవర్ పెంచుకునే టాప్-అప్ కొనుక్కునే ఆప్షన్ ఉంటే, దానికీ ఆ రూము పరిమితే ఉందేమో చూడండి. మాకు ఉంది.

నాన్నకు 70 నిండితే కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల దాకా. దాన్ని ఏ ఆసుపత్రి తీసుకుంటుందన్నది మళ్లీ వేరే కథ. అప్పటిదాకా లింక్డ్‌ఇన్‌లో ఏ రిక్రూటర్ పలకరించినా జీతం కన్నా ముందు పేరెంట్స్ కవర్ ఉందా అనే అడుగుతున్నాను. "మీకూ, మీవారికీ, పిల్లలకూ ఉంది మేడమ్," అంటారు ఎక్కువమంది.