ఆ పొడి దగ్గు వింటేనే ఒళ్లు మండుతుంది: ‘ఆర్డర్ ఆఫ్ ద ఫీనిక్స్’ ఆడియోబుక్ రివ్యూ

విలన్‌ని చూసి భయపడటం వేరు, పేరు వినగానే పళ్లు నూరుకోవడం వేరు. రెండోది రప్పించడం ఎంత పెద్ద రచయితకైనా కష్టమే. ‘హ్యారీ పాటర్ అండ్ ద ఆర్డర్ ఆఫ్ ద ఫీనిక్స్’ని బ్రిటిష్ నటుడు స్టీఫెన్ ఫ్రై గొంతులో విన్నాక, ఆ పని డొలొరెస్ అంబ్రిడ్జ్ అంత పూర్తిగా చేసిన పాత్ర నాకు ఇంకోటి తగల్లేదని గట్టిగా చెప్పగలను. పుస్తకం 2003లో వచ్చింది, 38 అధ్యాయాలు, ఆడియో అటూ ఇటూగా 30 గంటలు. కథలో ఏం జరుగుతుందో చెప్పకుండా ఈ రివ్యూ రాయడం కుదరదు, కాబట్టి పుస్తకం చదవనివాళ్లు, సినిమా కూడా చూడనివాళ్లు ముందు అది వినేసి ఇటు రండి.

కథలో అసలు శత్రువు వోల్డెమార్ట్. హ్యారీ అమ్మానాన్నల్ని చంపింది వాడే, అయినా వాడి మీద మనకు కసి పుట్టదు, వాడంటే ఉన్నది భయం, ఎందుకంటే అలాంటివాడు నిజజీవితంలో ఎవరికీ ఎదురుపడడు. హ్యారీ చదివే మాయాజాల పాఠశాలకు ప్రభుత్వం పంపిన టీచర్ డొలొరెస్ అంబ్రిడ్జ్ ఎదురుపడుతుంది. చేతిలో కాస్త పదవి, మొహాన చెరగని నవ్వు, ఏం అడిగినా ముద్దు ముద్దుగా కుదరదనే మనిషి. గులాబీ రంగు కార్డిగన్ వేసుకుంటుంది, ఆఫీసు గోడ నిండా పిల్లికూనల బొమ్మలున్న ప్లేట్లు తగిలించుకుంటుంది. అంత ముద్దుగా ఉన్న గదిలో పిల్లల్ని హింసిస్తుంది, అదే భరించలేం.

ఆవిడ స్కూల్లో అడుగుపెట్టిన రాత్రి ప్రిన్సిపాల్ డంబుల్‌డోర్ మాట్లాడుతుంటే మధ్యలో సన్నగా ఒక దగ్గు వినిపిస్తుంది. పొడి దగ్గు, గొంతు సవరించుకున్నట్టు. అంతవరకు కొత్తగా వచ్చిన టీచరెవరూ ఆయన మాటకు అడ్డొచ్చింది లేదు. పుస్తకంలో ఆ దగ్గు రెండు ముక్కల శబ్దం, కన్ను దాటేసి వెళ్లిపోవచ్చు. ఆడియోలో దాటేయలేం. ఫ్రై దాన్ని ప్రతిసారీ అంతే తియ్యగా, తొందరేం లేనట్టు పలుకుతాడు. కొన్ని అధ్యాయాలు గడిచేసరికి ఆ దగ్గు వినబడితే చాలు, తర్వాత ఏం మాట అంటుందో తెలియకముందే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ ఆడియోబుక్ కొనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

ఇక 13వ అధ్యాయం. వోల్డెమార్ట్ తిరిగొచ్చాడని క్లాసులో అన్నందుకు హ్యారీకి శిక్ష పడుతుంది, సాయంత్రం ఆవిడ గదికెళ్లి ఒకే వాక్యం రాయాలి, నేను అబద్ధాలు ఆడకూడదు అని. కలం ఆవిడే ఇస్తుంది. సిరా ఇవ్వలేదేంటని అడిగితే, అవసరం ఉండదులే అంటుంది. రాయడం మొదలుపెట్టగానే కాగితం మీద ఎర్రటి అక్షరాలు పడతాయి, అవే అక్షరాలు వాడి చేతి వెనక కత్తితో గీసినట్టు తెగి మళ్లీ మానిపోతాయి. వాడు తల ఎత్తి చూస్తాడు. ఆవిడ ఏమైనా కావాలా అన్నట్టు చూస్తూ నవ్వుతుంది. ఏం లేదంటాడు, రాస్తాడు. కిటికీ బయట చీకటి పడినా ఆపమనదు. ఇక్కడ ఫ్రై గొంతు పెంచడు, భయపెట్టడానికి ఏ ప్రయత్నమూ చేయడు, అందుకే ఇది వింటుంటే కడుపులో తిప్పినట్టుంటుంది. ఆ అబ్బాయి చెప్పింది నిజమని మనకు తెలుసు, అయినా అబద్ధాలు ఆడకూడదన్న వాక్యాన్నే వాడి రక్తంతో వాడి చేతే రాయిస్తోంది.

నా దృష్టిలో అసలు కీలకం రక్తం కాదు, ఫిర్యాదు చేసుకోవడానికి చోటు లేకపోవడం. ప్రభుత్వం ఆవిడ వెనకుంది, పత్రిక హ్యారీని అబద్ధాలకోరని రాస్తోంది, డంబుల్‌డోర్ వాడి మొహం కూడా చూడటం లేదు. రచయిత్రి జె.కె. రోలింగ్ ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ వెళ్తుంది, ప్రతి తలుపుకీ ఒక ఉత్తర్వు: విద్యార్థులు గుంపుగా కలవకూడదు, టీచర్లు పాఠం తప్ప ఇంకేం మాట్లాడకూడదు, ఫలానా పత్రిక చదివితే స్కూల్లోంచి పంపేస్తాం. కురుసభలో దుశ్శాసనుడి మీద మనకు అంత కోపం రావడానికి కారణం వాడి బలమా? పెద్దలంతా కూర్చుని ఉన్నారు, ద్రౌపది న్యాయం అడుగుతోంది, ఒక్కరూ వాణ్ణి ఆపరు. ఆ ఊపిరాడనితనాన్ని ఈ కథ ఒక విద్యా సంవత్సరం పొడుగునా సాగదీసింది.

ఇంకో చిన్న సీన్ చెప్పాలి. సగం రాక్షసుడైన టీచర్ హాగ్రిడ్ క్లాసు తనిఖీకి అంబ్రిడ్జ్ వచ్చి, అతనికి మాటలు అర్థం కావన్నట్టు గట్టిగా, ఒక్కో ముక్కా విడదీసి, చేతులు ఊపుతూ మాట్లాడుతుంది. మనిషిని అవమానించడానికి మంత్రదండం అక్కర్లేదు. నాకైతే కలం సీన్ కంటే ఇదే ఎక్కువ రోజులు గుర్తుండిపోయింది.

2003లోనే అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వేసిన విలన్ల జాబితాలో మొదటి స్థానం ‘ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్’ సినిమాలోని హానిబల్ లెక్టర్‌ది. మనుషుల్ని తినేవాడు, అయినా వాడి మాటలు వినాలనిపిస్తుంది, తెలివికి ముచ్చటేస్తుంది. 5వ స్థానంలో ‘వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్’లోని నర్స్ రాచెడ్ ఉంది, మెత్తటి గొంతుతో మానసిక రోగుల వార్డును గుప్పిట్లో పెట్టుకునే మనిషి, ఆవిడ మీద ముచ్చటపడేవాళ్లను నేను చూడలేదు. విలన్‌కి గొప్ప తెలివో, ధైర్యమో, హాస్యమో ఇచ్చారంటే ప్రేక్షకుడిలో సగం కోపం అక్కడే చల్లారిపోతుంది. అంబ్రిడ్జ్‌కి అవేవీ ఇవ్వలేదు. ఈ పుస్తకంలో ఆవిడకి బాధాకరమైన బాల్యం లేదు, ఒంటరితనం లేదు, జాలిపడే సందే లేదు. ఈమధ్య ప్రతి విలన్‌కీ ఒక ఫ్లాష్‌బ్యాక్ తగిలించి కన్నీళ్లు పెట్టిస్తున్నారు, ఆ మోజు ఇక్కడ లేకపోవడం నాకు చాలా నచ్చింది.

2007 సినిమాలో ఇమెల్డా స్టాంటన్ అద్భుతంగా చేసింది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ రెండున్నర గంటల్లోపు సినిమాలో ఉత్తర్వులన్నీ గబగబా గోడకెక్కేస్తాయి. ఇలాంటి కసి నెమ్మదిగా పేరుకోవాలి, రోజుకో చిన్న అన్యాయం చొప్పున, దానికి 30 గంటలే సరైన నిడివి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. హాగ్రిడ్ రాక్షసుల దగ్గరికి వెళ్లొచ్చిన కథ, తర్వాత అడవిలో అతని తమ్ముడి భాగం బాగా సాగుతాయి, అక్కడ స్పీడు పెంచి విన్నా నష్టం లేదు. చివర్లో హ్యారీ మీదికి ఆత్మను పీల్చేసే డెమెంటర్లను పంపింది తనేనని అంబ్రిడ్జ్ ఒప్పుకుని, నిషిద్ధ శాపం వాడటానికి కూడా తెగిస్తుంది. నాకు అక్కడ ఆవిడ కాస్త మామూలు విలన్ అయిపోయినట్టనిపించింది, రూల్స్ దాటనంతసేపే ఎక్కువ భయంకరంగా ఉంది. అయితే దానికి ముందే హ్యారీ స్నేహితుడి అన్నలైన వీజ్లీ కవలలు స్కూలు వదిలి ఎగిరిపోయే ఘట్టం, స్కూల్లో అల్లరి దయ్యం పీవ్స్ చాండిలియర్ విప్పుతుంటే టీచర్ మెక్‌గొనగల్ పక్కనుంచి వెళ్తూ ఎటు తిప్పాలో నోరు కదపకుండా చెప్పే ముక్క ఉన్నాయి చూడండి, ఫ్రై చదివిన తీరుకి గట్టిగా చప్పట్లు కొట్టాను. అంతసేపు పళ్లు నూరుకున్నందుకే ఆ సంతోషం.

ముందు నాలుగు భాగాలు తెలియకుండా దీంతో మొదలుపెట్టకండి, సగం మనుషులెవరో అర్థం కారు. ఇంగ్లీషు వినడం అలవాటున్నవాళ్లకు ఫ్రై ఉచ్చారణ స్పష్టంగానే ఉంటుంది. చిన్నపిల్లలతో కలిసి వినాలనుకుంటే 13వ అధ్యాయం ముందు మీరొక్కరే ఒకసారి వినండి, రాత్రి పడుకునే ముందు మాత్రం పెట్టకండి.