నేలవేముతో నానో మందు: వెండి రేణువులా, పాలిమర్ రేణువులా, ఏది మేలు?

కేన్సర్ ప్రాజెక్టు అనగానే మన నెల్లూరు, ఒంగోలు ల్యాబుల్లో ముందు చేతికందేది ఆకు రసం, సిల్వర్ నైట్రేట్. ఖర్చు తక్కువ, ఒక్క పూట పని. నేలవేము చేదుకు మూలమైన ఆండ్రోగ్రఫోలైడ్‌ను, ఒంట్లో మెల్లగా కరిగిపోయే పీఎల్‌జీఏ అనే పాలిమర్‌లో నింపడం ఇంకో దారి. ఖర్చూ ఎక్కువే, చేయి తిరగడానికి టైమూ పడుతుంది. అయినా మందు దాకా పోవాలంటే ఈ రెండోదే మేలు.

వెండి పద్ధతి: నీడన ఆరిన ఆకు పొడి 10 గ్రాములను 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 60 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి వడకట్టాలి. 17 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్‌ను 100 మి.లీ. నీళ్లలో కరిగించి, అందులోంచి 90 మి.లీ.కి 10 మి.లీ. రసం కలపాలి. లేత పసుపు ముదురు గోధుమకు తిరిగి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400–450 నానోమీటర్ల మధ్య కాంతిని పీల్చే పీక్ వస్తే రేణువులు తయారైనట్టే. తెల్లటి మడ్డి దిగితే మాత్రం తప్పు నీళ్లది. కనిగిరి నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, వెండిని పట్టి కింద పడేసేది క్లోరైడ్. కొత్తపట్నం వైపు ఉప్పు బోరు నీళ్లతో సీసా కడిగి వదిలేసినా చాలు, బ్యాచ్ పోతుంది.

అసలు ఇబ్బంది వేరే. వెండి అయాన్లు వాటంతట అవే జీవకణాలను చంపుతాయి. కాబట్టి ఆ గొప్ప నేలవేముదని చెప్పలేం. పైగా కార్తీకంలో కోసిన ఆకూ, ఎండాకాలం ఆకూ ఒకేలా ఉండవు. రేణువు మీద రసం కట్టే పొర మారిపోతుంది. ఒంట్లోకి వెళ్లిన వెండి కాలేయంలో, ప్లీహంలో పేరుకుంటుంది. ఆకు రసంతో చేసిన వెండి రేణువుల కేన్సర్ మందు ఒక్కటీ ఆమోదం పొందలేదు. మొక్కల నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్‌ను ఆల్బుమిన్‌తో 130 నానోమీటర్ల రేణువులుగా చేసిన అబ్రాక్సేన్‌కు మాత్రం అమెరికాలో 2005లోనే అనుమతి దొరికింది.

పాలిమర్ పద్ధతిలో 50 మి.గ్రా. పీఎల్‌జీఏ, 5 మి.గ్రా. ఆండ్రోగ్రఫోలైడ్‌ను 5 మి.లీ. అసిటోన్‌లో కరిగించి, తిరుగుతున్న 20 మి.లీ. ఒక శాతం పీవీఏ (రేణువులు అతుక్కోకుండా చూసే పాలీవినైల్ ఆల్కహాల్) ద్రావణంలో చుక్క చుక్కగా వదలాలి. తొందరపడి ధారగా పోస్తే ఉండలు కడుతుంది. మూత తీసి మూడు నాలుగు గంటలు తిప్పుతూ అసిటోన్ పోనివ్వాలి. మన మే నెల వేడికి తడి పీఎల్‌జీఏ మెత్తబడి రేణువులు అతుక్కుపోతాయి, ఏసీ గదిలోనే చేయండి. ఆరబెట్టే ముందు ట్రెహలోజ్ అనే చక్కెర కలపకపోతే మళ్లీ నీళ్లలో విడిపోవు. లోపలికి ఎంత మందు ఎక్కిందో లెక్క తేలుతుంది. ఇందులో ఉన్న బలమంతా అదే.

బతికున్న కణాలు ఎంటీటీ అనే పసుపు రంగును ఊదాకు తిప్పుతాయి, ఆ రంగును బట్టి ఎన్ని బతికాయో లెక్కేసేదే ఎంటీటీ పరీక్ష. రెంటికీ ఈ పరీక్షలో ఒట్టి రసం, సిల్వర్ నైట్రేట్, ఖాళీ పీఎల్‌జీఏ, మామూలు జీవకణాలు పోలిక కోసం పక్కనే పెట్టి చూడాలి. వెండి రేణువుల గోధుమ రంగు 570 నానోమీటర్ల రీడింగ్‌లో కలుస్తుంది, రసంలోని పాలిఫినాల్స్ ఎంటీటీని నేరుగా ఊదారంగుకు తిప్పుతాయి. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. జీవకణాలు లేని వెల్‌లో (ప్లేటులోని గుంటలో) అదే మోతాదు వేసి, ఆ రీడింగ్‌ను తీసేశాకే లెక్క కట్టాలి.