షుగర్ ఉన్నవాళ్ల ‘మినరల్ ప్రొఫైల్’ రక్తపరీక్ష: డబ్బు పెట్టొచ్చా?

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ ఒకటి షుగర్ పేషెంట్ల కోసం మినరల్ ప్యాకేజీ అమ్ముతోంది. జింక్, రాగి, సెలీనియం, క్రోమియం, మెగ్నీషియం, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), పైన హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది). మనిషికి 2,400 రూపాయలు. కాకినాడలో మావారికి, మా చెల్లెలికి కలిపి చేయించాను. ఇలాంటి ప్యాకేజీలు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. నా మాట ముందే చెప్పేస్తాను: మొత్తం ప్యాకేజీ కొనకండి. మెగ్నీషియం, ఫెర్రిటిన్ అవసరమనిపిస్తే డాక్టర్ని అడిగి విడిగా చేయించుకోండి. మా దగ్గరి ల్యాబ్‌లో ఆ రెండిటికీ కలిపి ఇందులో సగం కూడా అవదు.

రక్తం తీయడానికి వచ్చిన అబ్బాయి చెప్పిన టైముకి వచ్చాడు, సూది గుచ్చినట్టే తెలియలేదు. కానీ జింక్‌కి కూడా మామూలు ట్యూబే తీశాడు. కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని, ఊరుకోలేక అడిగాను. మామూలు ట్యూబు రబ్బరు మూతలోంచి జింక్ శాంపిల్లోకి దిగే అవకాశం ఉంది. అందుకే ఈ పరీక్షలకి ముదురు నీలం మూత ఉన్న ట్యూబులు వేరే ఉంటాయి. శాంపిల్లో ఎర్రకణాలు పగిలినా జింక్ ఎక్కువ చూపిస్తుంది. భోజనం చేశాక తగ్గుతుంది, జ్వరం వచ్చినా తగ్గుతుంది. ఆ అబ్బాయి విసుక్కోకుండా ఆఫీసుకి ఫోన్ చేసి, మర్నాడు నీలం మూత ట్యూబులతో వచ్చాడు. మరి అడగడం తెలియనివాళ్ల రిపోర్టుల మాటేమిటి?

మావారికి జింక్ కాస్త తక్కువని ఎర్ర అక్షరాల్లో వచ్చింది, ఇంట్లో టెన్షన్ మొదలైంది. జింక్‌కీ షుగర్‌కీ సంబంధం లేదని అనను. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ని నిల్వ చేసుకునేది జింక్ సాయంతోనే. రెండు జింక్ అయాన్లు ఆరు ఇన్సులిన్ అణువుల్ని ఒక ముద్దగా పట్టి ఉంచుతాయి. డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం 1969లో ఇన్సులిన్ నిర్మాణాన్ని కనుక్కున్నప్పుడు ఆ అమరిక స్పష్టంగా కనిపించింది. నేను చెప్పిన పాఠాల్లో నాకు చాలా ఇష్టమైంది అది. అయితే అదంతా కణం లోపల జరిగే పని. చేతి నరంలోంచి తీసిన రక్తంలో జింక్ ఎంతుందో చూసి, మనిషి ఇన్సులిన్ ఎలా పనిచేస్తోందో చెప్పలేం. మా డాక్టరు ఆ అంకె మీద ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఆయన ఆగింది మెగ్నీషియం దగ్గర. 1.4 వచ్చింది, 1.7 పైన ఉండాలి. ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం కూడా రక్తంలో ఉండదు కాబట్టి, నార్మల్ వచ్చినా లోటు లేదని గ్యారంటీ లేదు. తక్కువ వస్తే మాత్రం పట్టించుకోవాలి. షుగర్ అదుపులో లేనప్పుడు మూత్రంలో మెగ్నీషియం పోతుంది. దానికి తోడు మావారు ఏళ్ల తరబడి రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. పాంటోప్రజోల్ లాంటి మాత్రలు ఎక్కువకాలం వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. డాక్టరు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు, తర్వాత గ్యాస్ మాత్ర మార్చి, కొన్నాళ్లకి మెగ్నీషియం రాశారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం ఇప్పుడు బాగా తగ్గింది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు సొంతంగా మెగ్నీషియం మాత్రలు కొనుక్కోవద్దు, అది ఒంట్లో పేరుకుపోతుంది.

చెల్లెలి విషయంలో ఫెర్రిటిన్ నిజంగా మేలు చేసింది. దాని హెచ్‌బీఏ1సీ 6.3 ఉందని, షుగర్ వచ్చేస్తోందని భయపడి అన్నం సగం మానేసింది. పరగడుపు షుగర్ చూస్తే 92, నార్మలే. ఫెర్రిటిన్ మాత్రం 6, చాలా తక్కువ. ఐరన్ లోటు ఉంటే రక్తంలో గ్లూకోజ్ పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ ఎక్కువ చూపించవచ్చు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది, అయినా ఈ మాట వాళ్లకి చెప్పేవాళ్లు తక్కువ. ముందు ఐరన్ వాడి, ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు డాక్టరు. ఈలోగా కడుపు మాడ్చుకోవద్దని గట్టిగా చెప్పారు. రిపోర్టులో మాత్రం రెండు అంకెల్నీ వేర్వేరు పేజీల్లో వేశారు, ఒకదానికొకటి సంబంధం ఉందని ఒక్క ముక్క రాయలేదు.

రిపోర్టు వచ్చిన సాయంత్రమే కంపెనీ న్యూట్రిషనిస్టు ఫోన్ చేసి క్రోమియం, సెలీనియం, జింక్ కలిసిన మాత్రలు మూడు నెలలకి తెప్పించుకోమంది. ఇది నాకు అస్సలు నచ్చలేదు. క్రోమియం మనిషికి తప్పనిసరి అనడానికి ఆధారాలు చాలవని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో తేల్చింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా షుగర్ తగ్గడానికి దాన్ని సిఫారసు చేయదు. సెలీనియం ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. రోజుకి 200 మైక్రోగ్రాములు ఇచ్చి చేసిన ఒక అమెరికా పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే సెలీనియం వేసుకున్నవాళ్లలోనే టైప్ 2 షుగర్ ఎక్కువమందికి వచ్చింది. మావారి సెలీనియం నార్మల్‌గానే ఉంది, అయినా ఆ మాత్రలు అంటగట్టబోయారు. వద్దని చెప్పాను.

5కి 2 స్టార్లు ఇస్తున్నాను, ఇంటికి వచ్చిన అబ్బాయి పనితనానికీ, పనికొచ్చిన ఆ రెండు అంకెలకీ. బుక్ చేసేవాళ్లు జింక్‌కి ఏ ట్యూబ్ వాడతారో ముందే ఫోన్‌లో అడగండి. రిపోర్టు మీ డాక్టరు చూసేదాకా ఏ మాత్రలూ ఆర్డర్ పెట్టకండి.