కొత్త సర్వర్‌కు పాత పేరా, మారుపేరా: ఏది మేలు?

విండోస్ సర్వర్ 2012 ఆర్2కు పొడిగించిన మద్దతు సైతం 2023 అక్టోబరు 10తో ముగిసింది. అప్పటి నుంచి చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ చూసుకునేవారు నన్ను పదేపదే అడుగుతున్నది ఒకటే: ఫైల్ సర్వర్ మార్చేటప్పుడు కొత్త మెషీన్‌కు పాత పేరూ పాత ఐపీ అడ్రసూ ఇచ్చేయాలా, లేక దానికి కొత్త పేరు పెట్టి పాత పేరును మారుపేరుగా ఉంచాలా?

పాతవే ఇవ్వడంలోని సౌకర్యాన్ని కాదనలేము. షార్ట్‌కట్లను, మ్యాప్ చేసిన డ్రైవులను, స్కాన్ చేసిన కాగితాలను షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపే కాపియర్లను ముట్టుకోనక్కరలేదు. ఆ కాపియర్లలో ఎవరో ఎప్పుడో పేరుకు బదులు ఐపీనే కొట్టి ఉంటారు కనుక, మారుపేరు వాటికి ఎందుకూ పనికిరాదు.

అయినా నా మొగ్గు మారుపేరు వైపే. అడ్రసు మారినప్పుడే తప్పు ఎక్కడుందో పింగ్ (ఒక పేరు ఏ అడ్రసుకు వెళ్తోందో చూపే కమాండ్) తేల్చి చెబుతుంది: పాత అడ్రసు వస్తే తప్పు పేరు దగ్గర ఉన్నట్టు, కొత్త అడ్రసు వచ్చీ ఫోల్డర్ తెరుచుకోకపోతే అనుమతుల దగ్గరో కెర్బెరోస్ (విండోస్ నెట్‌వర్క్‌లో లాగిన్‌ను ధ్రువీకరించే పద్ధతి) దగ్గరో ఉన్నట్టు. రెండు సర్వర్లకూ అడ్రసు ఒకటే అయితే ఈ విభజన కుదరదు. ఇటీవల నేను మార్చిన ఒక ఆఫీసులో అకౌంట్స్ విభాగంలోని ఒక్క మెషీన్ మాత్రం పాత సర్వర్‌కే వెళ్తూ వచ్చింది. ఎన్ఎస్‌లుకప్ కొత్త అడ్రసు చూపిస్తుంటే పింగ్ పాతదే చూపించింది; డీఎన్ఎస్ (పేర్లకు అడ్రసులు చెప్పే వ్యవస్థ) నుంచి మెషీన్ గుర్తుపెట్టుకున్న జవాబుల క్యాష్ ఖాళీ చేసినా మారలేదు. ఎన్ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది, పింగ్ ఆ మెషీన్‌లోనే పేర్లూ అడ్రసులూ రాసి ఉంచే హోస్ట్స్ ఫైలును కూడా చూస్తుంది. ఆ ఫైలు చివర ఏళ్లనాటి వరుస ఒకటి మిగిలి ఉంది. పాత ఐపీనే ఉంచి ఉంటే ఆ వరుస అలాగే దాగి ఉండేది. పనీ నడిచేదే, ఒప్పుకుంటాను.

అయితే మారుపేరంటే డీఎన్ఎస్‌లో ఒక సీనేమ్ రికార్డు (ఒక పేరును మరో పేరుకు మళ్లించే నమోదు) చేర్చి ఊరుకోవడం కాదు. పాత పేరుతో ఎస్‌పీఎన్ (ఆ పేరు ఏ సర్వర్‌దో కెర్బెరోస్‌కు చెప్పే నమోదు) లేకపోతే కెర్బెరోస్ కుదరక విండోస్ పాత లాగిన్ పద్ధతి అయిన ఎన్‌టీఎల్ఎమ్‌కు దిగుతుంది. దాన్ని నిషేధించిన చోట లాగిన్ కుదరదు. అందుకే ముందు పాత సర్వర్ పేరు మార్చి, ఆ తరువాతే నెట్‌డామ్ కమాండ్‌తో ఆ పేరును కొత్త సర్వర్‌కు అదనపు పేరుగా చేర్చాలి. ఎస్‌పీఎన్‌ను అదే నమోదు చేస్తుంది. పాత రికార్డు టీటీఎల్ (జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే గడువు) కూడా ముందే చూసుకోవాలి: అది 3600 సెకన్లయితే, రికార్డు మార్చాక కూడా కొన్ని మెషీన్లు గంట వరకు పాత జవాబునే నమ్ముతాయి.

ప్రతి మెషీన్‌లో హోస్ట్స్ ఫైలు దిద్దడాన్ని నేను పరిష్కారంగా లెక్కించను. డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ (ఏ ఒక్క సర్వర్ పేరుతోనూ ముడిపడని షేర్డ్ ఫోల్డర్ దారి) మంచిదే, కాని అది వచ్చేసారి మార్పుకు ఉపయోగపడుతుంది.

కాపియర్లలోని ఐపీని మాత్రం చేతితో మార్చక తప్పదు. నాలుగింటికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది, అందులో సగం వాటి అడ్మిన్ పాస్‌వర్డ్ వెతకడానికే.